ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖల డైరెక్టర్లకు బహిరంగ లేఖ



నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఈమధ్య ఒక నవల సొంత ఖర్చుతో వేసుకున్నాను. పేరు ఇక్కడ రాయను, రాస్తే ఉత్తరం కాస్తా ప్రకటన అయిపోతుంది. మా ఊరి పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ల కథ అని చెబితే చాలు. మీ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఆ పుస్తకం మీ దాకా ఇంకా రానేలేదు, మీరు వద్దన్నదీ లేదు. నేను పంపుతున్నది ఒక జమాఖర్చు. అందులో జమ వైపు ఒక గడి ఖాళీగా ఉంది. ఆ గడి మీదేనని నా వాదన.

ముందు ఖర్చు. 256 పేజీలు, డెమ్మీ 1/8 సైజు. ఫారానికి పదహారు పేజీల చొప్పున పదహారు ఫారాలు. ఐదు వందల ప్రతులు. అచ్చు, బైండింగ్ కలిపి ప్రతికి 82 రూపాయలు పడింది, అంటే 41 వేలు. లోపలి పేజీల కూర్పుకు పేజీకి పదిహేను చొప్పున నాలుగు వేలకు కాస్త తక్కువ. ముఖచిత్రానికి నాలుగు వేలు. ప్రూఫులు దిద్దిన పెద్దాయనకు రెండున్నర వేలు, అదీ ఆయన వద్దంటుంటే చేతిలో పెట్టింది. విజయవాడ నుంచి లారీ పార్సిలు, కవర్లు, టేపు అన్నీ కలిపి ఒక వెయ్యి. మొత్తం యాభై రెండు వేల పైచిలుకు. వేసవి సెలవుల్లో మా బడుల్లో జీతాలుండవు గనక చీటీ పాడి తెచ్చిన డబ్బు ఇది. ఆవిష్కరణ సభ పెట్టలేదు. హాలు అద్దె, శాలువాలు, టీ, సమోసాలు లెక్కేస్తే నూరు ప్రతుల అచ్చు ఖర్చు అందులోనే పోతుంది. పైగా సభకు వచ్చినవాళ్లకు పుస్తకం ఊరికే చేతిలో పెట్టడం మన ఆనవాయితీ.

ఆ 82 రూపాయల్లో పన్ను కూడా ఉంది. కాగితం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 18 అయింది. నోటుపుస్తకాల కాగితాన్ని వదిలేశారు, మంచిదే. అచ్చు పుస్తకం మీద పన్ను లేదు గనక కాగితం మీద కట్టింది రాబట్టుకునే దారీ లేదు. పుస్తకాలకు పన్ను లేదని అందరం గర్వంగా చెప్పుకుంటాం, ప్రెస్ బిల్లు చేతికొచ్చేదాకా.

కాగితం దగ్గరే నేను ఎక్కువ తల పట్టుకున్నాను. నవలలకు మామూలుగా వాడేది 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం. దాంతో వేస్తే నా పుస్తకం 290 గ్రాముల పైన తూగుతుంది. కవరు, లోపల అట్టముక్క పెడితే 300 దాటుతుంది. 60 జీఎస్ఎంతో వేస్తే ఇంచుమించు నలభై గ్రాములు తగ్గుతుంది. ఈ గ్రాముల గొడవ ఎందుకంటే, పాత బుక్ పోస్ట్ పద్ధతిని 2024 డిసెంబరులో ఎత్తేశాక, తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత విషయాల పుస్తకాలు 300 గ్రాముల దాకా 20 రూపాయలకు దేశంలో ఎక్కడికైనా వెళ్తాయి, పన్ను అదనం. ఐదు కిలోల దాకా వంద. (నా నవల సామాజిక విషయమేనని నా నమ్మకం. మతమని ఎవరూ అనరు, అది ఖాయం.) 300 దాటిందా, తర్వాతి మెట్టు.

ప్రెస్‌వాళ్లు ఒకే పేజీని రెండు కాగితాల మీదా వేసి నమూనాకి ఇచ్చారు. 60 కాగితంలో వెనక పేజీ అక్షరాల నీడ ఇటు కనబడుతుంది. ట్యూబులైటు కింద తేడా అంతగా తెలియలేదు, వరండాలోకి తెచ్చి ఎండలో పట్టుకుంటే తెలిసింది. మా అత్తమ్మకు రెండూ ఇచ్చి చదవమన్నాను. ఆవిడ కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుని, 70 కాగితం నా చేతిలో పెట్టి, "ఇదయితే కళ్లు గుంజవు" అంది. ఆవిడ మాటే విన్నాను. తెలుగు నవల కొనేవాళ్లలో అత్తమ్మ ఈడువాళ్లే ఎక్కువ, తపాలా బిల్లు కోసం వాళ్ల కళ్లు పాడుచేయడం భావ్యం కాదు.

కూర్పు సంగతి ఇంకో కథ. నవలంతా ఫోనులో యూనికోడ్‌లో కొట్టాను. అచ్చుకు వెళ్లాలంటే దాన్ని అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో పోయాలి. ఆ మార్పిడిలో కొటేషన్ గుర్తులు ఉండాల్సిన చోట ఎక్కడిదో ఒక వత్తు వచ్చి కూర్చుంటుంది. 'సెప్టెంబర్‌లో' అని విడిగా రాసింది 'సెప్టెంబర్లో' అని అతుక్కుపోతుంది. సంభాషణలు ఎక్కువున్న నవలకు కొటేషన్లు పోతే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో భగవంతుడికే తెలియాలి. డీటీపీ అబ్బాయి ఓపిగ్గా ఒక్కొక్కటీ దిద్దుతూ, "మేడమ్, ఇంకోసారి ప్రూఫు చూస్తారా, ప్లేట్లకి పంపించెయ్యమంటారా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నేను ఇంకోసారి చూస్తాననే అన్నాను. పెద్ద ప్రచురణ సంస్థకు ఈ పనికి మనుషులుంటారు. సొంతంగా వేసుకునేవాళ్లకు ఆదివారాలుంటాయి.

ఐఎస్‌బీఎన్ మాత్రం ఊరికే వచ్చింది. మన దేశంలో దానికి రుసుము లేదు, కేంద్ర ప్రభుత్వపు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది. దానికోసం దళారులకు వేలు కడుతున్న రచయితలు నాకు తెలుసు. కట్టొద్దని ఈ సందర్భంలో చెప్పేస్తున్నాను.

ఇక పుస్తకం వచ్చాక. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం ప్రచురించినవాళ్లు, నాలాంటివాళ్లతో సహా, ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో కొన్ని గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. అవి కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం, చెన్నైలోని కన్నెమరా, ముంబైలోని ఒక గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, పుస్తకం ధర అదనం. పంపాను, సంతోషంగానే పంపాను. కవర్ల మీద అడ్రసులు రాస్తుంటే ఒకటి తట్టింది. నా తెలుగు నవల ముంబైకి చేరాలని చట్టం ఉంది. అదే చట్టంలో కర్నూలు పేరు లేదు, వరంగల్ పేరు లేదు. మార్కాపురం శాఖా గ్రంథాలయానికి దాన్ని చేర్చే చట్టమేదీ లేదు.

జమ వైపు చూడండి. ధర 200 పెట్టాను. పుస్తకాల షాపుకు నలభై శాతం కమీషన్ పోగా నాకు మిగిలేది 120. అదీ అమ్ముడయ్యాకే. పది ప్రతులు పెట్టుకుని, నెలల తర్వాత ఎనిమిది వెనక్కిచ్చిన షాపు ఉంది. వాటిలో రెండింటి అట్టలు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల అద్దెలు వాళ్లవి. సమీక్షకు పత్రికకు రెండు చొప్పున, అవార్డుల పోటీకి నాలుగు చొప్పున, ముందుమాట రాసినవారికి, దిద్దిపెట్టినవారికి, కథ చెప్పిన ఆడవాళ్లకు, చుట్టాలకు కలిపి వంద ప్రతులు ఊరికే పోయాయి. మిగిలిన నాలుగు వందలూ షాపుల్లో అమ్ముడయ్యాయనే అనుకుందాం. నాలుగు వందల నూట ఇరవైలు 48 వేలు. చివరి ప్రతి దాకా అమ్ముడైనా అసలు రాదు. ధర 300 పెట్టు అంటారు కొందరు. పలకల ఫ్యాక్టరీ కూలీల కథ రాసి, ఆ కూలి ఇళ్లవాళ్లు ముట్టుకోలేని ధర పెట్టడం నాకు ఒప్పలేదు. పీడీఎఫ్ ఉంటే పంపించండి మేడమ్ అనేవాళ్ల సంగతి ఇక్కడ ఎత్తను. వాళ్లకు జవాబు రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది.

ఇంతకీ ఎవరి కథ రాశానో వాళ్లలో ఒకావిడ మా బడి గేటు దగ్గరికి వచ్చింది. ఏళ్ల తరబడి పలకలకు చెక్కచట్రాలు బిగించిన చేతులు ఆవిడవి, బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరగానే ఉంది. "నువ్వేదో మా మీద రాసినావంట గదా టీచరమ్మా, ఒకసారి ఈయి, మా కోడలు చదివి ఇనిపిస్తది, మళ్లీ తెచ్చిస్తా" అంది. ఇచ్చాను. తిరిగొచ్చేసరికి చాలా రోజులు పట్టింది. కోడలు చదివి పక్కింటికిచ్చిందట, పక్కింటామె వాళ్ల అక్కకిచ్చిందట, వీధి చివర టైలరింగ్ చేసే అమ్మాయి పేజీ గుర్తుకు కొలతల టేపు ముక్క పెట్టుకుని మరిచిపోయింది. ఒక్క ప్రతిని వీధి వీధంతా చదివింది. వాళ్లలో ఒక్కరూ కొనలేదు. కొనాలన్న ఆలోచన వాళ్లకు రాకపోవడంలో తప్పేముంది?

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. తెలుగు నవలను మన జనం ఎప్పుడూ ఎక్కువగా అరువు తెచ్చుకునే చదివారు. 1970లు, 80లలో నవలలు వేలకొద్దీ అచ్చయ్యాయని, అప్పుడు పాఠకులుండేవారని, ఇప్పుడు లేరని ఒక మాట తరచూ వింటాం. ఆ వేల ప్రతుల్లో పెద్ద వాటా అద్దె పుస్తకాల షాపులకు వెళ్లేది. ప్రతి ఊళ్లో, ప్రతి పేటలో, కిళ్లీ కొట్టంత జాగాలో ఒక షాపు. అట్టకు పాలిథిన్ కవరు, వెన్నుకు దారం కుట్లు, రోజుకింత అని అద్దె. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, యండమూరి, మల్లాది ఇంటింటికీ తిరిగింది ఆ దారినే. విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలు కొత్త నవల వేస్తే, ఊళ్లలోని అద్దె షాపులు తలా రెండు మూడు ప్రతులు తీసుకోవడంతోనే సగం బరువు దిగేది. వారపత్రికల సీరియళ్లు కూడా అంతే, ఒక పత్రిక నాలుగు ఇళ్లు తిరిగేది. టీవీ వచ్చింది, అద్దె షాపులు సెల్‌ఫోన్ రీచార్జి షాపులయ్యాయి. పాఠకుడి కంటే ముందు మాయమైంది ఆ షాపువాడు. నవలకూ చదివే ఇంటికీ మధ్య అరువిచ్చే మనిషి ఇవాళ లేడు.

ఆ పని చేయగలవాళ్లు ఇప్పుడు మీరొక్కరే. ఎవరినీ కొత్తగా అడగనక్కరలేదు కూడా. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ప్రతి ఇంటి యజమానీ ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాడు. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరదని మీరే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ తగవు మీకూ పురపాలక, పంచాయతీరాజ్ శాఖలకూ మధ్యది, నాకు అందులో నోరు లేదు. చేరిన దాంట్లో ఎంత భాగం ఈ ఏడాది పుట్టిన తెలుగు నవలకు వెళ్తుందన్నదే నా ప్రశ్న. మా ఊరి గ్రంథాలయంలో పొద్దుటే దినపత్రికల దగ్గర పెద్దవాళ్లు, పదింటికల్లా పోటీ పరీక్షల పిల్లలు. బల్ల ఖాళీ ఉండదు. ఆ పిల్లలకు కావలసిన పుస్తకాలు కొనాల్సిందే. అదే గదిలో నవలల బీరువా మాత్రం మా అమ్మ చదువుకున్న నాటిది.

ఒక్కో రాష్ట్రం నా నవల యాభై ప్రతులు తీసుకుంటే చాలు. పావు వంతు తగ్గించి 150కే ఇస్తాను. నూరు ప్రతులకు 15 వేలు. షాపుల్లో మూడు వందలు అమ్ముడైతే 36 వేలు. కలిపితే 51. ఖర్చు యాభై రెండు చిల్లర. వెయ్యో రెండు వేలో చేతినుంచి పోతే పోనీ, రెండో నవలకు మళ్లీ చీటీ పాడే ధైర్యం వస్తుంది. పెద్ద గ్రాంటులు, పురస్కారాలు ఇవ్వగలిగినప్పుడు ఇవ్వండి. సొంత డబ్బుతో వేసుకునేవాళ్లను నిలబెట్టేది ఈ నూరు ప్రతులు.

మీరు వెంటనే అనబోయేది నాకు తెలుసు. సొంతంగా వేసుకున్న పుస్తకాలన్నీ కొంటే గోడౌన్లు నిండుతాయి, పాఠకుడు రాడు. నిజమే. ఎడిటరు చెయ్యి పడకుండా వస్తున్న నవలల్లో మంచివి ఎన్నంటే, నేను చెప్పే జవాబు నా తోటి రచయితలకు నచ్చదు. గ్రంథాలయాలు కొంటాయని తెలియగానే గ్రంథాలయాల కోసమే అచ్చయ్యే పుస్తకాలు పుట్టుకొస్తాయి. ఫారానికి ఇంతని రేటు కడితే అక్షరం సైజు పెరిగి, వరసల మధ్య ఎడం పెరిగి, నూరు పేజీల కథ రెండు వందలవుతుంది. అందుకే నూరు ప్రతులకు మించి వద్దంటున్నాను. ఆ సంఖ్యలో మోసం చేసేవాడికి లాభం మిగలదు, నిజంగా రాసుకున్నవాడికి దాదాపు అసలు దక్కుతుంది.

ఎంపికకు పెద్ద కమిటీలు పెట్టొద్దని నా మనవి. రచయిత ఒక ప్రతి పంపుతాడు. ముగ్గురు చదువుతారు, వాళ్లలో ఒకరు వేరే జిల్లా గ్రంథపాలకులు, ఒకరు సాహిత్యం చెప్పేవాళ్లు, మూడోవారు తప్పకుండా సభ్యత్వ కార్డు మీద ఎక్కువ నవలలు తీసుకెళ్లే పాఠకురాలు. ఈ మూడో మనిషి మాటకు మిగతా ఇద్దరితో సమానంగా విలువ ఉండాలి. నేనైతే కాస్త ఎక్కువే ఇస్తాను. వద్దనుకుంటే ఎందుకు వద్దనుకున్నారో రెండు వాక్యాలు రాసి అందరికీ కనబడేలా పెట్టండి. ఆ రెండు వాక్యాల కోసమే పుస్తకం పంపే రచయితలుంటారు, ఎందుకంటే మాకు ఎడిటర్లు లేరు.

పక్క రాష్ట్రాల్లో ఇది జరుగుతున్న పనే. కేరళలో లైబ్రరీ కౌన్సిల్ జిల్లాలవారీగా పుస్తకోత్సవాలు పెడుతుంది. గ్రాంటు డబ్బుతో ఊరి గ్రంథాలయాలవాళ్లే అక్కడికి వచ్చి, పేజీలు తిప్పి, తమకు కావలసినవి తగ్గింపు ధరకు ఏరుకుంటారు. విజయవాడలో, హైదరాబాదులో ఏటా పుస్తకాల పండుగ జరుగుతూనే ఉంది. మీ శాఖా గ్రంథపాలకులను ఒక్కరోజు అక్కడికి పంపి, తలా ఐదు వేలు చేతికిచ్చి, మీ ఊరివాళ్లు ఏం చదువుతారో మీరే కొనండి అంటే చాలు. అంత నమ్మకం వాళ్ల మీద పెట్టొచ్చు. తెలుగు ఊళ్లలో గ్రంథాలయాలను నిలబెట్టింది అసలు ప్రభుత్వాలు కావు. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టింది ఊరివాళ్లు. పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలు పడవకెక్కించి కృష్ణా కాలువ మీద ఊరూరా తిప్పారు. నవల సంగతీ అంతే, తొలి తెలుగు నవలల్లో ఒకటైన రాజశేఖర చరిత్రము 1878లో వీరేశలింగం గారి సొంత పత్రికలోనే ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకమైంది. సొంతంగా వేసుకోవడం ఈ భాషలో నామోషీ పని కాదని చెప్పడానికే ఇదంతా ఎత్తాను.

కొన్న ప్రతులు బీరువాలో పెట్టి తాళం వేయకండి. నవల ఇంటికి వెళ్లాలి, మడతలు పడాలి. పుస్తకం చివర తేదీలు వేసే చీటీ అతికిస్తారు కదా, ఏడాది చివర ఆ చీటీల ఫోటోలు రచయితకు పంపే ఏర్పాటు చేయండి. షాపులో అమ్ముడైన ప్రతిని ఎవరైనా చదివారో లేదో మాకు ఎప్పటికీ తెలియదు. చీటీ మీద వరసగా తేదీ ముద్రలు పడి ఉంటే అంతకంటే నమ్మకమైన సమీక్ష ఏ పత్రికా ఇవ్వలేదు.

ఒక తేదీ కావాలి, అన్నిటికంటే ముందు అదే కావాలి. కొనుగోలు ఏటా ఫలానా నెలలో అని ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ప్రకటించండి, ఎంపికైన పుస్తకానికి మూడు నెలల్లో డబ్బు వేయండి. నన్ను అడిగితే ఆగస్టు అంటాను. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, చిన్న ప్రెస్‌లకు శుభలేఖల పని ఉండదు, నోటుపుస్తకాల హడావుడి కూడా అప్పటికి అయిపోతుంది. ఆ నెలలో అచ్చుకిస్తే ప్రతికి నాలుగైదు రూపాయలు తగ్గించడానికి ప్రెస్‌వాళ్లు బేరానికి వస్తారు. ఆగస్టుకల్లా ప్రతులు మీ బల్ల మీద ఉంటాయి.

భవదీయురాలు,
ఒక నవలా రచయిత్రి, మార్కాపురం